గ్రీజు రాసిన మూల

పడవ ఒక పక్కకి ఒరిగి ఉంది. నాలుగు స్తంభాల మధ్య, నీటికి కాస్త పైన, వెనక కుడి మూల కిందికి జారి, ముక్కు ఎడమవైపుకి లేచి ఆగిపోయింది. గణపతి జెట్టీ మీద గొంతుక్కూర్చుని దాన్ని చూస్తున్నాడు. ఇంకా దేన్నీ తాకలేదు. ఏదైనా తెగినప్పుడు ముందు చేతులు కట్టుకుని చూడాలని అతనికి ఎవరూ నేర్పలేదు. అలవాటు, అంతే.

"సేమ్ కార్నర్ ఆ?" అన్నాడు వెనక నుంచి కో, అతని యజమాని.

"సేమ్, బాస్."

కో జేబు తడుముకున్నాడు. సిగరెట్టు తీసి, తను నిలబడింది కస్టమర్ ఇంట్లోనని గుర్తొచ్చి మళ్లీ పెట్టెలో దోపాడు.

సెంటోసా కోవ్‌లో నీటి ఒడ్డు ఇళ్లకి ఎవరి పడవ రేవు వాళ్లదే. చాలామంది పడవని నీళ్లలోనే కట్టి ఉంచుతారు. అడుగున పాచీ గుల్లలూ పట్టకూడదనుకున్నవాళ్లు లిఫ్ట్ పెట్టించుకుంటారు. నీళ్లలో పాతిన నాలుగు స్తంభాలు, వాటి మీద రెండు దూలాలు, దూలాలకి మోటార్లు, డ్రమ్ములు. ఒక్కో మూల నుంచి ఒక స్టీలు కేబుల్ దిగి, పడవ కూర్చునే చట్రాన్ని మోస్తుంది. బటన్ నొక్కితే నాలుగు కేబుళ్లూ డ్రమ్ముల మీద చుట్టుకుంటాయి, పడవ పైకొస్తుంది. నాలుగింట్లో ఏ ఒక్కటి చెడినా ఇలా ఒరుగుతుంది.

ఈ ఇంట్లో చెడిందెప్పుడూ వెనక కుడి మూలదే. ఏడాది తిరక్కుండా ఇది రెండోసారి. మొదటిసారి పాతది తీసి, కొత్త కేబుల్ కొలిచి, కోసి, చివరని ఉచ్చులా మడిచి కన్ను వేసి బిగించింది గణపతే. అందుకని ఇప్పుడు అందరి అనుమానమూ అతని చేతి పని మీదే.

కో ఆ మాట నేరుగా అనే మనిషి కాదు. ఈ దేశంలో పని చెయ్యడానికి గణపతికున్న పర్మిట్ వచ్చే నెలలో అయిపోతుంది. పొద్దున యీషున్‌లోని కంపెనీ షెడ్డు నుంచి పికప్‌లో వస్తూ గణపతి ఆ సంగతి ఎత్తితే, "ఈ మూల సంగతి తేలనీ, తర్వాత చూద్దాం" అన్నాడు. సిగ్నల్ దాటాక, "మూడోసారి తెగితే ఈ కస్టమర్ ఉండడు. ఈ వరసలో వాళ్లంతా ఒకరికొకరు చెప్పుకుంటారు. అప్పుడు నేను మాత్రం నిన్నెలా ఉంచుకోను?" అన్నాడు. ఇద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే, కానీ ఎవరి ఇంగ్లీషు వాళ్లది, కో మాట చివర ‘ఆ’, ‘లా’ తగిలిస్తాడు. ఈ మాట మాత్రం గణపతికి ఒక్క ముక్క పోకుండా అర్థమైంది.

గణపతిది సోంపేట దగ్గర బారువ. ఆ చుట్టుపక్కలంతా కొబ్బరి తోటలు, కొబ్బరి పీచు. వాళ్లమ్మ పీచు తాళ్లు పేనేది. తాడు అంటే పోగు, పోగులు కలిస్తే పేట, పేటలు కలిస్తే తాడు అని బడికి వెళ్లకముందే అతనికి తెలుసు. విశాఖపట్నంలో రిగ్గింగ్ నేర్చుకుని తువాస్ షిప్‌యార్డుకి వచ్చినప్పుడు, చేతికిచ్చిన ఉక్కు తాడు విప్పి చూస్తే లోపల అదే అమరిక. అంత పెద్ద ఓడ ముక్కల్ని మోసేది ఇంటి చావడిలో అమ్మ పేనిన లాంటిదేనని తెలిసి అతనికి బెరుకు పోయింది.

యార్డులో రిగ్గర్ పని బరువుని గాల్లోకి లేపడం, దించడం. దెబ్బ తిన్న వైరు కనిపిస్తే నియమం సులువు. కోసి పారెయ్యడమే. ఎందుకు తెగిందని ఎవరూ అడగరు, అడిగే తీరిక ఉండదు. గణపతికి అది అడగబుద్ధేసేది. పారేసిన కుప్ప దగ్గరికి వెళ్లి, తెగిన కొసని తిప్పి తిప్పి చూసేవాడు. లారీ బయల్దేరుతుంటే తోటివాళ్లు, "ఒరే, గణపతి శవపరీక్షలో ఉన్నాడు, పిలవండ్రా" అని అరిచేవాళ్లు. అతను నవ్వి వచ్చి ఎక్కేవాడు. నలిగి తెగినదీ, అరిగి తెగినదీ, తుప్పుతో తెగినదీ మూడూ మూడు రకాలుగా ఉంటాయని అలా తెలిసింది. ఆ తెలివి యార్డులో దేనికీ పనికి రాలేదు. యార్డుకి ఓడలు తగ్గి మనుషుల్ని తగ్గించినప్పుడు ఎవరో చెబితే కో దగ్గరికి వచ్చాడు. ఐదుగురున్న చిన్న కంపెనీ. ఇళ్ల పడవ లిఫ్టులు బాగుచేస్తారు.

ఇంటాయన పేరు మహీధర్. బ్యాంకులో పెద్ద ఉద్యోగం. పలకరించి, ఏం కావాలో చెప్పి, ఫోనులో మీటింగుకి వెళ్లిపోతాడు. గణపతికి ఈ ఇంట్లో తెలిసిన మనిషి ఆయన తండ్రి దశరథరామయ్య. కాకినాడ రేవులో సరుకులెత్తే వించ్ మీద కుర్రాడిగా చేరి, ఫోర్‌మన్‌గా దిగిపోయినాయన. కిందటిసారి గణపతి పని చేస్తుంటే కర్ర పట్టుకుని జెట్టీ మీదికి వచ్చి నిలబడ్డాడు.

"ఏ ఊరయ్యా?"

గణపతి తలెత్తాడు. "తెలుగని ఎలా తెలిసిందండి?"

"నట్టుని తిడుతున్నావుగా. ఏ ఊరు?"

"సోంపేట దగ్గర బారువండి."

"శ్రీకాకుళమా. అందుకే భయపడి ఊడొచ్చింది." ముసలాయన కాస్త దగ్గరికి జరిగాడు. "ఇంతకు ముందు ఎక్కడ?"

"తువాస్‌లో, షిప్‌యార్డండి."

"ఓడలు ఎత్తినవాడివి, మా వాడి బొమ్మ పడవ దగ్గరికి దిగావేంటి?"

"ఓడకైనా బొమ్మ పడవకైనా వైరు వైరేనండి, బాబుగారూ."

ఆ మాట దశరథరామయ్యకి బాగా నచ్చింది. అప్పుడే చెప్పాడు, ఈ మూల కేబుల్‌కి వారం వారం గ్రీజు రాసేది తనేనని. జెట్టీ ఈ వెనక కుడి మూల దాకానే ఉండటంతో ఈ ఒక్కటీ చేతికి అందుతుంది. మిగిలిన మూడూ నీటి మీద ఉంటాయి, వాటికోసం దూలం ఎక్కాలి. కొడుకు ఎక్కనివ్వడు. ఒక చేత్తో బటన్ పట్టుకుని, కేబుల్‌ని కొంచెం దించి, ఆపి, బయటికొచ్చినంత మేర నూలు పీచుతో గ్రీజు పట్టించి, మళ్లీ కొంచెం దించి, అలా కింద దాకా. "వించ్ మీద మొదటి ఉద్యోగం ఇదే నాకు. రోప్‌కి గ్రీజు రాసే కుర్రాడు. అది ఎండితే మా ఫోర్‌మన్ చెవి మెలిపెట్టేవాడు" అన్నాడు.

గణపతికీ సంతోషమనిపించింది. ఈ దేశంలో ఇళ్ల లిఫ్టుల దగ్గర ఇంటివాళ్లే గ్రీజు పెట్టిన వైరు చూడటం అదే మొదటిసారి. తెలిసిన చెయ్యి అనుకున్నాడు. ఆ మూల ఎందుకు తెగిందో వెతికేటప్పుడు గ్రీజు సంగతి అతని మనసులోకే రాలేదు. బాగున్నదాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఇప్పుడు మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టాడు. ముందు పడవని నీళ్లలోకి దించి బయటికి లాగి కట్టారు. చట్రం మీద బరువు లేకపోతేనే కేబుల్ అబద్ధం చెప్పదు. దూలం ఎక్కి డ్రమ్ము చూశాడు. చుట్టు మీద చుట్టు ఎక్కితే కేబుల్ నలిగిపోతుంది. ఇక్కడ చుట్లు పక్కపక్కనే బుద్ధిగా పడుకుని ఉన్నాయి. తను వేసిన కన్ను చూశాడు. బిగింపు కదల్లేదు, జారిన గీత కూడా లేదు. అది చూసి అతను గట్టిగా ఊపిరి వదలడం కింద నుంచి కో గమనించాడు. "ఓకే ఆ?" అన్నాడు. "నా జాయింట్ ఓకే, బాస్." "తెగింది మాత్రం నీ కేబులే కదా" అన్నాడు కో.

అదీ నిజమే.

కప్పి దగ్గర చాలాసేపు పట్టింది. కేబుల్ కిందికి దిగి, చట్రానికున్న కప్పిని చుట్టి మళ్లీ పైకి వెళ్తుంది. కప్పి బిగుసుకుపోతే కేబుల్ దాని మీద తిరగకుండా ఈడ్చుకుంటుంది, కొన్నాళ్లకి కోసుకుపోతుంది. ఇలాంటి పనుల్లో సగం సార్లు దొంగ కప్పే. నీళ్లలో నడుం దాకా దిగి దాన్ని చేత్తో తిప్పాడు. బొంగరంలా తిరిగింది. గాడిలో వేలు పెట్టి తడిమాడు. నున్నగా ఉంది. నిరాశపడ్డాడు. కప్పే అయ్యుంటే ఈపాటికి ఇంటికి వెళ్లొచ్చు.

"కరెంటు లీక్ అవుతోందేమో చూడు" అన్నాడు కో. రేవులో కరెంటు నీళ్లలోకి పాకితే లోహాన్ని తినేస్తుంది. మీటరు పెట్టి చూశారు, ఏమీ లేదు. పడవ బరువు ఆ మూలకే పడుతోందేమోనని బ్యాటరీలు ఎక్కడున్నాయో అడిగాడు. జెట్టీ మీద కుర్చీ వేసుకుని అంతా చూస్తున్న దశరథరామయ్య, "అవి ఎడమ పక్క. అలా చూస్తే ఎడమదే ముందు పోవాలి" అన్నాడు.

తెగిన చోటే అసలు వింతగా ఉంది. డ్రమ్ము దగ్గర కాదు, కప్పి దగ్గర కాదు, కట్టిన చోట కాదు. మధ్యలో, దేనికీ తగలని చోట. లిఫ్ట్ దిగినప్పుడు నీళ్లలో మునిగి, ఎక్కినప్పుడు బయటికొచ్చే భాగంలో. పైకి చూస్తే మెరుస్తూనే ఉంది. గ్రీజు పట్టి, చేతికి జారిపోతోంది.

"నా జాతకం లాగుంది ఇది" అన్నాడు ముసలాయన. "ఆ మూడూ దిక్కూ మొక్కూ లేకుండా పడున్నాయి. చుక్క గ్రీజు ఎరగవు. వాటికి తుమ్ము కూడా రాలేదు. వారం వారం ఒళ్లు తుడిచినదానికే పోయేకాలం." పక్కనున్న డబ్బా తీసి ఇచ్చాడు. "ఎలాగూ పైకెక్కుతున్నావు. వాటికి కూడా ఇంత పట్టించు, పుణ్యముంటుంది."

గణపతి డబ్బా పట్టుకుని దూలం మీద ఎడమ మూల దాకా నడిచాడు. జేబులో పాత బనియన్ గుడ్డ ఉంది. వైరు చుట్టూ గుడ్డ వేసి కిందికి జార్చితే, ఎక్కడైనా పోగు తెగి ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. ఇక్కడ ఎక్కడా పట్టుకోలేదు. వైరు పొడిగా, కాస్త మాసినట్టుగా, ఆరోగ్యంగా ఉంది. డబ్బా మూత సగం తీశాడు. ముసలాయన అన్న మాట అప్పుడు మళ్లీ వినబడింది. ఆయన దాన్ని దిగులుగా అన్నాడు. దిగులు తీసేస్తే మిగిలేది ఒక కొలత. ముట్టుకోని మూడూ బాగున్నాయి. ముట్టుకున్నది తెగింది.

మూత పెట్టేశాడు. "కొత్తది వేశాక అన్నిటికీ ఒకేసారి చూద్దామండి" అన్నాడు కిందికి దిగి. ఎందుకలా అన్నాడో తనకే పూర్తిగా తెలీదు.

కిందటిసారి తెగిన కేబుల్‌ని కో చెత్తలో వేయించాడు. ఈసారి గణపతి ఊరుకోలేదు, చుట్టి పికప్‌లో పడేశాడు. మర్నాడు యీషున్ షెడ్డులో అందరూ మకాన్ అంటూ భోజనానికి వెళ్తే, అన్నం పొట్లం పక్కన పెట్టి, తెగిన చోటు నుంచి మూరెడు ముక్క కోసి కిరసనాయిల్లో నానబెట్టాడు. గ్రీజు వదిలాక ఊచతో పేటలు విడదీశాడు.

లోపల ఎర్రటి మడ్డి. పై పోగులు తెల్లగా ఉన్నాయి, లోపలి పోగులు చెద తిన్నట్టు గుంటలు పడి, వేలితో వంచితే పుటుక్కుమంటున్నాయి. కేబుల్ పై భాగం నుంచి, ముసలాయన చెయ్యి అందని చోటు నుంచి ఇంకో ముక్క కోసి విప్పాడు. అది లోపలా బయటా ఒకేలా ఉంది.

అతనికి నమ్మబుద్ధి కాలేదు. గ్రీజు నీటిని రానివ్వకూడదు. జీవితమంతా అదే చూశాడు. గ్రీజు లేని చోట తుప్పు, ఉన్న చోట ప్రాణం. అన్నం ఆరిపోతున్నా ముక్కని పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు తువాస్‌లో చూసిన ఒకటి గుర్తొచ్చింది. ఓడ మీద స్టెయిన్‌లెస్ చేతిపట్టు గొట్టాలు ఎండలో ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి అద్దంలా ఉండేవి. వాటిని పట్టి ఉంచే రబ్బరు క్లాంపు తీస్తే మాత్రం, దాని కింద గుంటలు. మూసి ఉన్న చోటే తినేసేది. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు, ఎవరినీ అడగలేదు. ఈ కేబులూ స్టెయిన్‌లెస్సే. మామూలు ఉక్కుకి పైన గ్రీజు పూత కావాలి. దీనికి గాలి కావాలేమో. కేబుల్ నీళ్లలో మునిగినప్పుడు ఉప్పునీరు సందుల్లోంచి లోపలికి పోతుంది. పైకొచ్చాక గ్రీజు దాన్ని బయటికి పోనివ్వదు, ఆరనివ్వదు. అలా అనుకుంటే అన్నీ కలుస్తున్నాయి. అయినా అది అనుకోవడమే.

కోకి చూపించాడు. కో ముక్కని వాసన చూశాడు, గోటితో గీకాడు.

"అంటే అంకుల్ గ్రీజు వల్లా?"

"అయ్యుండొచ్చు, బాస్."

"అయ్యుండొచ్చా, అయిందా?"

"ష్యూర్ కాదు."

"అయితే ఆ మాట అనొద్దు." కో ముక్కని బల్ల మీద పెట్టాడు. "విను, గణా. మన పని సరిగ్గా లేక తెగిందని వాళ్లు అనుకుంటున్నారు. మనం వెళ్లి, మీ నాన్నే పాడు చేశాడు అంటే ఎలా ఉంటుంది? రేపే వేరే కంపెనీని పిలుస్తారు లా. కొత్తది వెయ్యి, గట్టిగా వెయ్యి."

"గట్టిగా వేసినా ఆయన మళ్లీ రాస్తారు కదా."

కో చేతులు తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు. చెబితే కస్టమర్ పోతాడు. చెప్పకపోతే కేబుల్ పోతుంది. రెండు దారులూ చివరికి చాంగీ ఎయిర్‌పోర్టుకి, ఊరికెళ్లే విమానం దగ్గరికే వెళ్తున్నాయి. సాయంత్రం భార్య రాజకుమారి ఫోన్ చేసి, పర్మిట్ సంగతి ఏమైందని అడిగితే, "ఒక వైరు దగ్గర ఆగింది" అన్నాడు. "వైరేటి?" అంది ఆమె. "ఎందుకు తెగిందో తెలిసినట్టే ఉంది, నమ్మకం కుదరట్లేదు." "నీకు నమ్మకం కుదిరేలోగా వాళ్లు టికెట్టు కొనేత్తారు" అంది.

కొత్త కేబుల్‌తో వెళ్లిన రోజు నీరు తీస్తూ పాటు మీద ఉంది. స్తంభాల మీద గుల్లల పట్టీ బయటపడి ఎండుతోంది. దశరథరామయ్య అప్పటికే కుర్చీ వేసుకుని ఉన్నాడు. పక్కన గ్రీజు డబ్బా, కొత్త నూలు పీచు.

గణపతి సంచిలోంచి గుడ్డ తీసి జెట్టీ మీద పరిచి, విప్పిన ముక్కని దాని మీద పెట్టాడు. చెప్పకుండా చెప్పే ఉపాయమేమీ అతని దగ్గర లేదు. తనకి నమ్మకం కుదరలేదు, అంతే. వైరుతో ఇంతకాలం బతికిన ఇంకో మనిషి ఈ ఊళ్లో అతనికి తెలీదు.

"బాబుగారూ, ఇదోసారి చూడండి. నాకు అంతుపట్టట్లేదు."

ముసలాయన కళ్లజోడు పెట్టుకుని ముక్కని అందుకున్నాడు. బొటనవేలితో ఒక్కో పేటనీ పక్కకి నెట్టాడు. "ఎక్కడిది ఈ చెత్త? పదేళ్లు గ్రీజు ఎరగని రోప్ ఇలా ఉంటుంది."

"మీదేనండి. మొన్న తీసింది."

"దీనికి గ్రీజు ఉందిగా."

"ఉన్నచోటే ఇలా అయిందండి."

కొంత దూరంలో కేబుల్ విప్పుతున్న కోకి తెలుగు రాదు. కానీ ముక్క ఎక్కడుందో చూశాడు. "గణా" అన్నాడు మెల్లగా. గణపతి వినబడనట్టే ఉండిపోయాడు.

"అంటే నేను పాడు చేశానంటావా?" దశరథరామయ్య గొంతు మారింది. "నలభై ఏళ్లు రోప్ చూసిన చెయ్యి ఇది. నువ్వు పుట్టకముందు నుంచి."

"నేనూ అదే రాస్తానండి. మొన్న మీరు డబ్బా ఇచ్చినప్పుడు ఆ మూడింటికీ రాసేద్దామనే ఎక్కాను."

"మరెందుకు రాయలేదు?"

"వాటికి తుమ్ము కూడా రాలేదని మీరే అన్నారు కదండి."

ముసలాయన ముక్కని గుడ్డ మీద పెట్టేశాడు. తర్వాత కర్రతో ఎడమ మూల వైపు చూపించాడు. "అది పట్రా. ఫోటోలూ గీటోలూ వద్దు. నా చేత్తో విప్పి చూడాలి."

ఇది కోకి చెప్పాల్సి వచ్చింది. బాగున్న కేబుల్‌ని విప్పడం ఎందుకని కో అడిగితే, "అంకుల్ చూస్తారట" అన్నాడు గణపతి. కో తల అడ్డంగా ఊపాడు, తర్వాత వెళ్లి దూలం చివర కేబుల్‌ని పట్టి ఉంచే షాకిల్ తనే విప్పాడు. ఎడమ మూల కేబుల్‌ని వదులు చేసి, దూలం మీదుగా జెట్టీ మీదికి లాక్కొచ్చారు. దశరథరామయ్య కర్ర పక్కన పెట్టి, ఊచ తీసుకుని, కేబుల్‌ని మోకాలి మీద అదుముకుని పేటల మధ్య గుచ్చి తిప్పాడు. అది తెలిసిన చేతి తిప్పుడే. పేటలు విచ్చుకున్నాయి. లోపల తెల్లగా ఉంది. ఇంకో చోట విప్పాడు. ఇంకో చోట. వేలు పెట్టి తుడిచి ఎండలో చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటలేదు.

"ఇది ఉక్కు కాదా అయితే?"

"ఉక్కేనండి. కానీ దీని గుణం వేరనుకుంటాను. గాలి తగిలితే తనని తను కాచుకుంటుంది. మూసేస్తే లోపల ఉప్పునీరు కూర్చుంటుంది."

"వైరు వైరే అన్నావుగా ఆ రోజు."

"అన్నానండి."

"నేనూ అదే అనుకున్నాలే." ఊచని గుడ్డతో తుడిచి తిరిగిచ్చాడు. "మా రేవులో ఇలాంటిది ఒక్కటుంటే తెలిసేది. ఒక్కటీ లేదు."

అప్పుడే మహీధర్ చెవిలో ఇయర్‌ఫోన్‌తో మెట్లు దిగి వచ్చాడు. జెట్టీ మీద అడ్డంగా పడున్న కేబుల్‌ని చూసి, "ఇంకోటి కూడా పోయిందా?" అన్నాడు ఇంగ్లీషులో, కోతో. కో నోరు తెరిచేలోగా దశరథరామయ్యే తెలుగులో అందుకున్నాడు.

"పోలేదు. నేనే తెప్పించాను. ఆ మూల ఎందుకు పోతోందో తెలిసింది. నేను రాసే గ్రీజు. ఇతని పని బాగానే ఉంది."

"గ్రీజా? అది మెరైన్ గ్రీజు నాన్నా. డబ్బా మీద చూసి మరీ తెచ్చాను."

"తెచ్చావు, రాశాను. తండ్రీ కొడుకులం కష్టపడ్డాం."

మహీధర్ ఇయర్‌ఫోన్ తీశాడు. వంగి రెండు కేబుళ్లనూ పక్కపక్కన చూశాడు. నవ్వాలో వద్దో తెలీనట్టు తండ్రి ముఖం వైపు చూశాడు. తర్వాత కోకి ఇంగ్లీషులో వివరంగా చెప్పాడు. కో వింటూ, "నో, నో, అంకుల్ వెరీ కేర్‌ఫుల్ మ్యాన్" అన్నాడు. "చాలామంది ఇలాగే చేస్తారు" అని కూడా అన్నాడు. చాలామంది చేయరని గణపతికి తెలుసు. ఎడమ మూల కేబుల్ కొస అందుకున్నాడు.

"మరి దీనికి ఏం చెయ్యాలి?" అన్నాడు దశరథరామయ్య గణపతితో.

"ఎక్కించి దించిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగడమేనండి. పైపు పెట్టి పై నుంచి కింద దాకా. తర్వాత ఆరనివ్వడం."

"నీళ్లు." ముసలాయన ఆ మాటని పుల్లగా నోట్లో తిప్పుకున్నాడు. "రోప్‌కి నీళ్లు తగిలితే చెవి మెలిపెట్టేవాళ్లు మాకు." మెట్ల కింద తోట పైపు చుట్ట ఎక్కడుందో చూశాడు. "పైపుతో కొడితే నాలుగు మూలలకీ అందుతుందేంట్రా?" అని కొడుకుని అడిగాడు.

"అందుతుంది. కానీ జెట్టీ తడిసి జారుతుంది నాన్నా."

"చెప్పులు వేసుకుంటాలే."

ఎడమ మూలది తిరిగి కట్టి, కుడి మూలకి కొత్తది వేసేసరికి నీరు పోటు పట్టింది. నాలుగు మూలలూ సమంగా వచ్చేదాకా గణపతి ఒక్కో కేబుల్‌నీ బిగిస్తూ, వదులు చేస్తూ, చట్రం మీద మట్టపు గొట్టం పెట్టి చూసుకున్నాడు. గొట్టంలో బుడగ నడిమిన ఆగింది. పడవని లోపలికి తెచ్చి బటన్ నొక్కాడు. అది నీళ్లు కార్చుకుంటూ, ఏ పక్కకీ తూగకుండా పైకొచ్చింది. మహీధర్ ఫోన్‌తో వీడియో తీసుకున్నాడు. వేరే కంపెనీ మాట ఎవరూ ఎత్తలేదు. వచ్చే సర్వీసు ఎప్పుడని మాత్రం కోని అడిగాడు.

పికప్ ఎక్కాక కో ఏసీ సర్దుకున్నాడు.

"అనొద్దన్నాను నేను" అన్నాడు.

"నేను అనలేదు, బాస్. అడిగాను."

"సేమ్ లా." బండి స్టార్ట్ చేశాడు. "సోమవారం షెడ్డుకి రావొద్దు. మెడికల్‌కి వెళ్లు. పాస్‌పోర్టు పట్టుకెళ్లు."

రెన్యూ చేసే ఉద్దేశం లేనివాణ్ణి ఏ కంపెనీ మెడికల్‌కి పంపదు. గణపతి తల ఊపాడు.

"మళ్లీ తెగితే ఎందుకు తెగిందో చెప్పడానికి ఒకడుండాలి కదా" అన్నాడు కో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఇళ్ల వరస పక్కనుంచి వెళ్తున్నారు. గోడల మధ్య సందుల్లో నీళ్లు, పడవల కొసలు కనిపించి మాయమవుతున్నాయి. గణపతి వాటినే చూస్తున్నాడు. సంతోషంగానే ఉన్నాడు. కానీ తల మాత్రం అతని మాట వినకుండా ఇంకో చోటికి వెళ్లిపోయింది. కో దగ్గర చేరిన కొత్తలో, యార్డు అలవాటు ఇంకా చేతుల్లో ఉన్నప్పుడు, ఈ వరస చివరి ఇంట్లో పని అయ్యాక కాసేపు ఖాళీ దొరికింది. అప్పుడు ఎవరూ అడక్కుండానే, బాగుంటుంది కదా అని.

చెప్పకపోతే ఇప్పట్లో ఎవరికీ తెలీదు. సోమవారం మెడికల్.

"బాస్."

"వాట్?"

"చివరి ఇల్లు. పచ్చ గేటు."

"ఏమైంది దానికి? ఏమీ కంప్లెయింట్ లేదే."

"అక్కడ నేను గ్రీజు రాశాను."

కో అతని వైపు చూశాడు. "ఏ మూల?"

"నాలుగూ."

ముందు రౌండెబౌట్ వచ్చింది. కో ఇండికేటర్ వేశాడు, దాని చుట్టూ పూర్తిగా తిరిగి, వచ్చిన దారికే బండిని మళ్లించాడు. పచ్చ గేటు కనబడగానే బండి నెమ్మది చేశాడు.

"వెనకాల కిరసనాయిలు ఉందా?" అన్నాడు.

"ఉంది, బాస్."